పిల్లల భాష రాని ఇంగ్లీషు అయ్యవారు

ముప్పై మూడేళ్ళపాటు అనంతపురం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి 2023లో పదవీ విరమణ చేసిన నేను, ఆ మరుసటి జనవరిలో కంబోడియా దేశంలోని సియెమ్ రీప్ పట్టణ శివారున ఉన్న ఒక పేదవాడకు వెళ్ళి, అక్కడి పిల్లలకు నాలుగు వారాలు ఉచితంగా ఇంగ్లీషు చెప్పి వచ్చాను. తిరిగివచ్చిన పది రోజులకు మా ఉపాధ్యాయ మిత్రులు చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. విదేశీ బాలలకు విద్యాదానం చేసిన గురువు అని ఒకరు, సేవకు ఎల్లలు లేవని ఇంకొకరు మాట్లాడారు. అంగ్‌కోర్ గుడి ఎంత పెద్దదని అడిగారు, తిండికి ఇబ్బంది పడ్డారా అని అడిగారు, ఖర్చెంతయిందని అడిగారు. ఆ పిల్లలకు ఇంగ్లీషు ఎంత వచ్చిందని మాత్రం ఆ గదిలో కూర్చున్న నలభైమంది ఉపాధ్యాయుల్లో ఒక్కరూ అడగలేదు. అడగనందుకు ఆ పూట లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నా వాదన ఏమిటో ముందే చెప్పడం మంచిది. పిల్లల భాషలో ఒక్క ముక్క తెలియని మనిషి, నాలుగు వారాలకో రెండు వారాలకో వచ్చి, వారికి ఇంగ్లీషు నేర్పగలడని అనుకోవడం పొరపాటు. ఆ మనిషికి ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా సరే, ముప్పై మూడేళ్ళ అనుభవం ఉన్నా సరే. పరాయి దేశం వెళ్ళడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడుందంటే, ఇంగ్లీషు వస్తే చాలు ఇంగ్లీషు చెప్పవచ్చుననే నమ్మకంలో ఉంది. ఆ నమ్మకాన్ని మన జిల్లాలో కూడా చాలామంది మోస్తున్నారు కనుకనే కంబోడియా ముచ్చటను అనంతపురంలో కూర్చుని రాయవలసి వస్తున్నది.

ఎందుకు వెళ్ళానో నిజం చెప్పుకోవాలి. పదవీ విరమణ తర్వాత మొదటి ఆరు నెలలు పొద్దుపోక ఇల్లంతా తిరిగాను. మా అబ్బాయి సింగపూరులో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు, రెండు గంటల విమాన ప్రయాణంలోనే సియెమ్ రీప్ ఉందని, అక్కడ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి మనుషులను పంపే సంస్థలున్నాయని తెలిసింది. ఒక సంస్థ ప్రకటనలో ‘బోధనానుభవం అవసరం లేదు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, ర్యాంకు కోసం ఎదురుచూసి, ఉద్యోగం వచ్చాక కూడా ఏటా వేసవి శిక్షణలకు తిరిగిన నాకు ఆ ఒక్క వాక్యం చూడగానే అనుమానం రావలసింది. రాలేదు. పైగా ‘అనుభవం లేనివాళ్ళనే తీసుకుంటున్నారంటే, నాలాంటివాడు దొరికితే వాళ్ళ పంట పండినట్టే’ అనుకున్నాను. వాళ్ళు అడిగింది పాస్‌పోర్టు నకలు, నేరచరిత్ర లేదన్న పత్రం, నాలుగు వారాల రుసుము. ఏ తరగతికి చెప్పారు, ఎలా చెప్పారు, ఆ పిల్లల భాష ఏమైనా వచ్చా అన్న ప్రశ్న ఏ కాగితంలోనూ లేదు.

సియెమ్ రీప్ అంగ్‌కోర్ గుళ్ళ వల్ల బతుకుతున్న ఊరు. గుళ్ళు ఒక్క రోజు చూడటానికి విదేశీయుడికి 37 డాలర్ల టిక్కెట్టు. హోటళ్ళు, మసాజు దుకాణాలు, రాత్రి బజారు దాటి లోపలికి పోతే, ఆ హోటళ్ళలో దుప్పట్లు ఉతికేవారు, టుక్‌టుక్ నడిపేవారు, కట్టడాల్లో కూలికి పోయేవారు కాపురముండే వాడలు కనిపిస్తాయి. మన ఎర్రనేల దుమ్ము లాంటి దుమ్మే అక్కడా. రేకుల కప్పు కింద మూడువైపులా గోడలున్న హాలు ఒకటి, అందులో బల్లలు, ఒక తెల్లబోర్డు. అక్కడి ప్రభుత్వ బడుల్లో చాలావరకు పిల్లలకు పూటబడే. ఉదయం కొందరు, మధ్యాహ్నం కొందరు. బడి లేని పూట ఈ ఇంగ్లీషు తరగతికి వస్తారు. వాళ్ళకు ఇంగ్లీషు ఎందుకన్న ప్రశ్నే అక్కడ లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో కంబోడియా 1999లో చేరింది, ఆ కూటమి వ్యవహార భాష ఇంగ్లీషు. అంతకన్నా దగ్గరి కారణం, హోటల్ గుమ్మం దగ్గర నిలబడే ఉద్యోగానికైనా ఇంగ్లీషు కావాలి. 1863 నుంచి 1953 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న దేశం అది. ఏ భాష అన్నం పెడుతుందో పేదవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు, అక్కడైనా ఇక్కడైనా.

మొదటి రోజు పిల్లలు వరుసగా లేచి నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ‘వాట్ ఈజ్ యువర్ నేమ్?’ ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్?’ మూడోది, ‘హౌ మెనీ డే యూ స్టే?’ ఎన్ని రోజులుంటావని. మొదటి రెండూ మన ఆరో తరగతి పిల్లలు కూడా అడుగుతారు. మూడో ప్రశ్నను నా ఉద్యోగ జీవితంలో ఏ పిల్లవాడూ నన్ను అడగలేదు. బదిలీ కౌన్సెలింగ్ దగ్గర పడినప్పుడు తప్ప. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళతోనే వాళ్ళకు ఇంగ్లీషు పరిచయం కనుక, వాళ్ళకు బాగా వచ్చిన ఇంగ్లీషు కూడా రాకపోకల ఇంగ్లీషే.

ఇక అసలు సంగతి, పాఠం. అనంతపురం నుంచి నేను ఎంతో శ్రద్ధగా తయారుచేసుకుని పోయిన పాఠాల్లో మొదటిది ‘స్కూల్, స్టేషన్, స్పూన్’ లాంటి మాటలు పలికించడం. ముప్పై మూడేళ్ళుగా ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ విని విని, ఆ ముందు ‘ఇ’ ఊడగొట్టడానికి నేను కనిపెట్టిన కిటుకులు నాలుగైదున్నాయి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా కలిసే మా కాంప్లెక్స్ సమావేశాల్లో వాటికి మంచి పేరే ఉండేది. బోర్డు మీద ‘స్కూల్’ అని రాసి, కిటుకు మొదలుపెట్టేలోగా ముప్పైమంది పిల్లలూ ఒక్క గొంతుతో, ఏ తడబాటూ లేకుండా, ‘స్కూల్’ అన్నారు. వాళ్ళ ఖ్మేరు భాష నిండా మాట మొదట్లో సంయుక్తాక్షరాలే. ఆడమనిషిని ‘స్రై’ అంటారు, చక్కెరకు వాళ్ళ మాట ‘స్క’తోనే మొదలవుతుంది. నా పాఠం మొదలుకాకముందే అయిపోయింది.

రెండో రోజు వాక్యంలో మాటల వరుస. తెలుగు పిల్లవాడు ‘నేను అన్నం తిన్నాను’ అనుకుని ‘ఐ రైస్ ఈట్’ అంటాడు. క్రియను మధ్యకు తెప్పించడానికి నాకు ఒక్కోసారి ఏడాది పట్టేది. ఖ్మేరులో క్రియ మధ్యలోనే ఉంటుంది, ఇంగ్లీషులో లాగానే. ఆ పాఠమూ అక్కరలేదు. అయితే వాళ్ళు ‘హౌస్ బిగ్’, ‘షర్ట్ రెడ్’ అంటున్నారు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విశేషణం ముందే వస్తుంది కనుక ఈ తప్పును నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. దానికి మందు నా సంచిలో లేదు. రెండు పుస్తకాలు అనడానికి ‘టు బుక్’, చాలా రోజులు అనడానికి ‘మెనీ డే’ అంటున్నారు. చివర ‘స్’ చేర్చాలని పదిసార్లు చెప్పించాను. చెప్పినంతసేపు తల ఊపి, మళ్ళీ ‘టు బుక్’. బద్ధకం అనుకున్నాను. మర్యాదగా ‘ఏకాగ్రత లోపం’ అని నా డైరీలో రాసుకున్నాను కూడా.

బద్ధకం కాదు. ఖ్మేరులో నామవాచకానికి బహువచన ప్రత్యయమే లేదు. ఒక పుస్తకమైనా పది పుస్తకాలైనా పుస్తకమే, పక్కనున్న సంఖ్య చాలు. మనకు ‘లు’ ఉంది కనుక తెలుగు పిల్లవాడికి బహువచనమనే ఆలోచన పుట్టుకతోనే ఉంది, ‘లు’ స్థానంలో ‘స్’ పెట్టుకుంటే సరిపోతుంది. అక్కడి పిల్లవాడికి ఆ ఆలోచనే కొత్త. దానికి తోడు, ఖ్మేరులో మాట చివర ‘స’ రాసినా ‘స్’ అని పలకరు, అది చిన్న ‘హ’కారంగా జారిపోతుంది. మన పిల్లవాడు మాట చివర అచ్చు తగిలించి ‘బస్సు’ అంటాడు, అందువల్ల ‘స’ భద్రంగా ఉంటుంది. వాళ్ళ పిల్లవాడు హల్లును గొంతులోనే మింగేస్తాడు. క్రియకు కాలం కూడా అంతే. అన్నం తిన్నావా అన్నదే, మన రాయలసీమలో లాగా, అక్కడా పలకరింపు. అయితే ఆ వాక్యంలో తినడమనే క్రియ ఏమీ మారదు, ‘అయిపోయింది’ అన్న అర్థమిచ్చే మాట ఒకటి చివర వస్తుంది. అందుకే ‘ఐ ఈట్ రైస్ ఆల్రెడీ’ అంటారు. అతడికీ ఆమెకూ ఒకటే గౌరవవాచకం ఉండటం వల్ల అమ్మను ‘హీ’ అని, నాన్నను ‘షీ’ అని కలగాపులగం చేస్తారు. (తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెండింటికీ క్రియ ఒక్కటే గదా, మనకు మరో రకం గందరగోళం.)

ఇవన్నీ నాకు అక్కడికి పోయిన రెండు వారాల తర్వాత తెలిశాయి. చెప్పింది ఆ తరగతిలో వెనకాల నిలబడే స్థానిక ఉపాధ్యాయిని. ఇరవై అయిదేళ్ళుంటాయి. అక్కడ పంతులమ్మను ‘నేక్ క్రూ’ అంటారు, పంతులును ‘లోక్ క్రూ’ అంటారు. ‘క్రూ’ మన గురువే. బడి ‘సాలా’, అక్షరం ‘అక్సర్’, భాష ‘ఫియెసా’. లిపి కూడా దక్షిణ భారతంలోని పల్లవ లిపి నుంచి పుట్టిందే. అక్షరం కింద వత్తులు రాస్తారు, ఆ వత్తును వాళ్ళు ‘పాదం’ అనే అర్థమున్న మాటతో పిలుస్తారు. మన కడప జిల్లా కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిదంటారు. తేదీ ఉన్న ఖ్మేరు శాసనాల్లో అతి పాతది 611 నాటిది. అక్షరాలు దిద్దడంలో ఇంత దగ్గరి చుట్టాలమని తెలియకుండానే నేను అక్కడికి పోయి, ఏ తెల్లదొరో చెప్పినట్టు బొమ్మలు చూపించి ‘దిస్ ఈజ్ ఎ క్యాట్’ అని చెప్పుతున్నాను. ఆ పిల్లల ముందు తెలుగు అక్షరం ఒకటి రాసి, కింద వత్తు పెట్టి చూపిన రోజున వాళ్ళ ముఖాల్లో కనిపించిన ఆసక్తి, నా పటాలన్నీ కలిపినా రాలేదు.

ఆ హాలులో ఒక రిజిస్టరు ఉండేది. వచ్చిన ప్రతి వాలంటీరూ ఆ రోజు ఏం చెప్పాడో రాయాలి. రెండో వారం చివర, సాయంత్రం వాన పడుతుంటే, పొద్దుపోక దాన్ని మొదటినుంచి చదివాను. దాదాపు ఏడాది పాఠాలు అందులో ఉన్నాయి. రంగులు పదకొండుసార్లు చెప్పారు. జంతువుల పేర్లు తొమ్మిదిసార్లు. శరీర భాగాలు ఆటపాటలతో ఎన్నిసార్లో లెక్కపెట్టడం మానేశాను. భూతకాలం ఒక్కసారి, అదీ సగం. రాసినమ్మాయి విమానం మర్నాడే. వచ్చిన ప్రతివాడూ మొదటి పాఠంతో మొదలుపెడతాడు, రెండో పాఠానికి పోయేలోగా సెలవైపోతుంది. మన దగ్గర ఉపాధ్యాయుడు బదిలీ మీద పోతే వచ్చినవాడు పాఠ్యప్రణాళిక చూసి, ఎక్కడిదాకా అయిందో అడిగి, అక్కడినుంచి అందుకుంటాడు. అందుకోకపోతే మండల విద్యాధికారి అడుగుతాడు. ఏడాది పొడవునా రంగులే చెప్పించే బడి మన మండలంలో ఉంటే ఊరివాళ్ళు ఊరుకుంటారా? మొదటి పేజీల్లో ‘పిల్లలు చాలా తెలివైనవాళ్ళు, రంగులన్నీ వెంటనే నేర్చుకున్నారు’ అని ఒకరు ఆశ్చర్యపోతూ రాశారు. ఆ పిల్లలు అప్పటికి నాలుగోసారి నేర్చుకుంటున్నారు. తెలియదని చెప్పి అతిథిని నొప్పించడం ఎందుకని ఊరుకున్నారు.

ఇక్కడ నాకు బాగా కొట్టొచ్చినట్టు కనిపించిన అన్యాయం నేక్ క్రూకు జరుగుతున్నది. ఆమెకు పిల్లల భాష వచ్చు, ఇంగ్లీషు పనికివచ్చేంత వచ్చు, ఎవరి తండ్రి తాగుతాడో ఎవరి తల్లి థాయిలాండుకు కూలికి పోయిందో వచ్చు, వచ్చే ఏడాది కూడా ఆమె అక్కడే ఉంటుంది. ప్రతి రెండు వారాలకు ఒక కొత్త మనిషి వచ్చి బోర్డు ముందు నిలబడగానే ఆమె వెనక బెంచీ దగ్గరికి పోయి, అల్లరి చేసేవాళ్ళ చెవులు మెలిపెట్టే పనీ, బోర్డు తుడిచే పనీ చేస్తుంది. పంతొమ్మిదేళ్ళ కాలేజీ పిల్లవాడు పిల్లలకు ‘టీచర్’, ఆమె మాత్రం సహాయకురాలు. నా రుసుము, నా విమాన టిక్కెట్టు కలిపితే ఆమె ఏడాది జీతంలో పెద్ద భాగానికి సరిపోతుంది. పొల్‌పాట్ ముఠా ఏలిన 1975–79 మధ్య చదువుకున్నవాళ్ళనే శత్రువులుగా చూసి, బడులు మూసి, ఉపాధ్యాయుల్లో అత్యధికులను బలిగొన్న దేశం అది. అలాంటి చోట ఒక గురువు తయారవుతుంటే ఆమె కుర్చీ లాక్కుని మనం కూర్చోవడాన్ని సేవ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంగ్లీషు తప్ప ఇంకేదీ వినపడకపోతేనే పిల్లలకు ఇంగ్లీషు వస్తుందని వాదించేవారున్నారు. ఈ వాదాన్ని నేను తక్కువచేయను. నాకు శిక్షణ ఇచ్చిన వాళ్ళలో చాలామంది అదే చెప్పారు. తరగతిలో తెలుగు మాట్లాడితే తప్పన్నట్టు ఉండేది. తనిఖీకి అధికారి వస్తున్నాడంటే తెలుగును బీరువాలో పెట్టి తాళం వేసి, ఆయన జీపు మలుపు తిరగగానే మళ్ళీ బయటికి తీసేవాళ్ళం. రోజుకు అయిదారు గంటలు, ఏళ్ళ తరబడి, ఇంగ్లీషే మాట్లాడే మనుషుల మధ్య ఉంటే ఎవరికైనా వస్తుంది. రోజుకు ఒక గంట, అదీ మనిషి మారిపోతూ ఉండే గంట, అందుకు చాలదు. అంత తక్కువ సమయంలో పిల్లవాడికి ఇవ్వగలిగింది ఒక్కటే, తేడా ఎక్కడుందో అతని భాషలో విప్పి చెప్పడం.

ఆ పని నాకు చేసిపెట్టినాయన ఉరవకొండలో మా అయ్యవారు. 1970లలో మాకు ఏబీసీడీలు ఆరో తరగతిలో మొదలయ్యేవి. ఆయన ‘డెట్’ను ‘డెబ్ట్’ అని ‘బి’ గట్టిగా పలికేవారు, ‘ఐలాండ్’ను ‘ఇస్లాండ్’ అనేవారు. ఈనాటి ఏ ఇంటర్వ్యూలోనూ ఆయన నెగ్గరు. కానీ ‘తెలుగులో పనిచేసే మాట చివర కూర్చుంటుంది, ఇంగ్లీషులో దానికి తొందరెక్కువ, మనిషి వెనకాలే వస్తుంది’ అని ఆయన ఒక్కసారి చెప్పిన మాటతో నాకు వాక్యం నిలబడింది. పలుకుబడి తప్పులను తర్వాత రేడియో వింటూ నేనే దిద్దుకున్నాను. వాక్యం నిలబడకపోయి ఉంటే ఏ రేడియో దిద్దేది కాదు.

మన రాష్ట్రంలో ఇదే తగవు మరో రూపంలో నడిచింది. ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చమంటూ 2019 నవంబరులో 81వ నంబరు జీవో వచ్చింది; 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను అంటుంది. ఈ గొడవలో ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, ఆ రోజుల్లో వచ్చిన ఒక మంచి వస్తువు ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకొక భాష అచ్చయిన ద్విభాషా పాఠ్యపుస్తకం. దాన్ని చాలామంది ఎగతాళి చేశారు, బరువు పెరిగిందన్నారు. మా బడిలో పిల్లలు ఇంగ్లీషు పేజీ చదివి, ఆగిపోయిన చోట వేలు పెట్టి, పక్క పేజీలో అదే చోటికి వేలు జరిపేవారు. ఆ వేలు జరగడమే భాష నేర్చుకోవడమని నా అనుభవం. నేను కంబోడియాకు తీసుకుపోయిన రంగురంగుల పటాల్లో ఆ రెండో పేజీ లేదు.

కూరగాయలమ్మే ఒకామె నా కథ విని, ‘ఏం సార్, మనూర్లో పిల్లోల్లు లేరనా అంత దూరం పోయింటివి?’ అని అడిగింది. ఆమె మనవడు ఆరో తరగతి. ఆమె మాటకు నా దగ్గర సమాధానం లేదు కానీ, ఆ మాటను సూత్రంగా ఒప్పుకోలేను. దగ్గరివాడికే చేయాలి, దూరం పోకూడదంటే మా అనంతపురం చరిత్రే తలకిందులవుతుంది. మహారాష్ట్ర నుంచి వెళ్ళగొట్టబడిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చి, 2009లో చనిపోయేదాకా నలభై ఏళ్ళు ఇక్కడే ఉండి, బత్తలపల్లి మట్టిలో కలిశాడు. ఆయన స్పెయిన్‌వాడు కావడం మనకు అడ్డం రాలేదు. అంతకుముందు 1820లో కడపకు కలెక్టరు సహాయకుడిగా వచ్చిన బ్రౌన్, కంపెనీ ఉద్యోగే అయినా, ముందు తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ఆ తర్వాతే ఉచిత బడులు, ఆ తర్వాతే నిఘంటువు. కడపలో ఆయన నివాసమున్న స్థలంలో ఈనాడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. బ్రౌన్ రెండు వారాలు వచ్చి కడప పిల్లలకు రంగుల పేర్లు చెప్పి, ఫొటో దిగి పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే నవ్వొస్తుంది. వాళ్ళిద్దరికీ నాకూ మధ్య ఉన్న తేడా మంచితనంలో లేదని నన్ను నేను సమాధానపరచుకుంటాను. వాళ్ళు ఉన్నారు, నేర్చుకున్నారు. నేను పోయాను, చెప్పాను, వచ్చాను.

అనాథాశ్రమాల సంగతి ఇంకా ఘోరం. దాని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే నేను అలాంటి చోట పనిచేయలేదు. కంబోడియాలో 2005–2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని, వాటిలోని పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2011లో యూనిసెఫ్ తోడ్పాటుతో వెలువడిన నివేదిక తేల్చింది. చూడవచ్చే విదేశీయుల జాలి డబ్బుగా మారే చోట, జాలికి తగిన పిల్లలు కూడా తయారవుతారు. సేవకు వెళ్ళాలనుకునేవారు వేరే ఏమి చేసినా చేయకపోయినా, ఆ గుమ్మం తొక్కకుండా ఉంటే మేలు.

మంచి ఏమీ జరగలేదా అంటే, జరిగింది. కొత్త మనిషి ముందు నోరు విప్పడానికి ఆ పిల్లలు జంకరు. మా ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలు కలెక్టరు వస్తే నేలచూపులు చూసేవారు. ఆ ధైర్యం వచ్చేపోయే వాలంటీర్లు పెట్టిన భిక్షే, కాదనను. అయితే ఆ ధైర్యంతో వాళ్ళు పలికే వాక్యాలు ఏళ్ళ తరబడి ఆ మూడే. మిగతా వాక్యాలు ఎవరివల్ల వస్తాయన్నదే నా పట్టు.

మూడో వారం మొదట్లో నేను నేక్ క్రూను అడిగి, బోర్డు ముందు నుంచి తప్పుకున్నాను. సంస్థవారికి అది నచ్చలేదు. వాలంటీరు పాఠం చెప్పే ఫొటోలు కావాలి గదా. పిల్లలకు చెప్పవలసిన గంట ఆమె చెప్పింది, నేను వెనక బెంచీలో కూర్చున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు ఆమెకూ నాకూ తరగతి. ఒక లావుపాటి నోటుపుస్తకంలో ఎడమవైపు ఖ్మేరు వాక్యం, కుడివైపు ఇంగ్లీషు వాక్యం. ప్రతి వాక్యం కింద, ఎక్కడ తేడా వస్తున్నదో ఆమె తన భాషలో రాసుకునేది. మధ్యలో నేను తెలుగు వాక్యం కూడా ఒకటి పడేసేవాణ్ణి, ఆమె దాన్ని చూసి నవ్వేది, క్రియ అంత చివర ఉంటే అంతసేపు ఎలా ఓపిక పడతారని. ఇద్దరమూ ఇంగ్లీషును అద్దెకు తెచ్చుకున్నవాళ్ళమే కనుక, ఎక్కడ బిగుసుకుందో ఎక్కడ వదులైందో ఒకరికొకరు చూపించుకోగలిగాం. ఇంగ్లీషే పుట్టుభాషగా ఉన్న కుర్రవాడొకడు మాతో కూర్చున్నాడు ఒక రోజు. ‘టు బుక్స్’ ఎందుకనాలని ఆమె అడిగితే, ‘అలాగే అంటాం’ అన్నాడు. అబద్ధం కాదు. ఉపయోగమూ లేదు.

ఆ రెండు వారాల్లో నాకు వచ్చిన ఖ్మేరు చాలా తక్కువ. అంకెలు వచ్చాయి, వాళ్ళు ఆరును అయిదు-ఒకటి అంటారు, ఏడును అయిదు-రెండు అంటారు. వెళ్ళబోయే ముందే మూడు నెలలు అనంతపురంలో కూర్చుని ఆ లిపి, ఆ వాక్యం కొంత నేర్చుకుని పోయి ఉంటే, మొదటి రెండు వారాలు ‘ఏకాగ్రత లోపం’ అని రాసుకుంటూ గడిపేవాణ్ణి కాదు. ఇప్పుడెవరైనా, ముఖ్యంగా నాలాగా పదవీ విరమణ చేసిన ఇంగ్లీషు ఉపాధ్యాయులు, నేను కూడా వెళ్తానంటే నేను అడిగేది ఒకటే: అక్కడ ఆ పిల్లలకు చెప్పే టీచరు ఎవరు, ఆమెతో మీరు మాట్లాడారా? మాట్లాడలేదంటే, ఆ ఖర్చులో సగం పెట్టి ఆమెకే పుస్తకాలు పంపమంటున్నాను. కోపగించుకున్నవారూ ఉన్నారు.

మా ఇద్దరి పాఠం వాట్సాప్‌లో నడుస్తూనే ఉంది, నెలకు రెండు మూడు సందేశాలు. మొన్న ఆమె ఒక ఆడియో పంపింది. తరగతి గదిలో ఫోను బల్ల మీద పెట్టి రికార్డు చేసినట్టుంది, ఫ్యాను చప్పుడు, బయట కోడి కూత. నాలుగు నిమిషాలు ఆమె ఖ్మేరులో ఏదో వివరించింది; అందులో నాకు అర్థమైన మాట ‘అక్సర్’ ఒక్కటే, అది కూడా రెండుసార్లు. పిల్లలు ఎందుకో నవ్వారు. ఎవరో ఒక ప్రశ్న వేశారు, ఆమె జవాబు చెప్పింది. ఆ తర్వాత ఆమె ‘రిపీట్’ అనలేదు, ఒక పిల్లవాడి పేరు పిలిచింది. వాడు లేచిన బల్ల చప్పుడు వినిపించింది. ‘ఐ హ్యావ్ టు బుక్’ అన్నాడు, ఆగాడు, గొంతు సవరించుకున్నాడు, ‘స్’ అన్నాడు, విడిగా, కాస్త ఆలస్యంగా.